ముడి లేని అతుకు

“మూడింటికి గోడ లేస్తది, దత్తోబా. దాని మీద ఒక్క మినిట్ గూడ ఆపను,” అంటూ పోలీసు ఫౌజ్‌దార్ కదం చేతి గడియారం మీద వేలితో కొట్టి చూపించాడు. అప్పుడు టైము పన్నెండుంపావు.

కదం దత్తోబా అన్నది చిలువేరి దత్తాత్రిని. అతను నేలమీద పడున్న రెండు చెప్పుల్ని చూస్తున్నాడు. కొంతం చౌక్‌లో చాయ్ హోటల్ మీది గది అద్దెకు తీసుకుని ‘ప్రైవేట్ డిటెక్టివ్’ అని బోర్డు కట్టుకున్న ఈ నలభై రెండేళ్ల మనిషికి ఒక పాడు అలవాటుంది. ఎదుటివాడు గొంతు పెంచినప్పుడల్లా ఇతను తల దించి కింద వెతుకుతాడు. తిట్టేవాళ్ల కాళ్ల దగ్గర ఏదో ఒకటి దొరక్కపోదని అతని నమ్మకం. నిజం చెప్పొద్దూ, చాలాసార్లు దొరికింది కూడా.

చెప్పులు గంగాధర్‌వి. ఇరవై ఆరేళ్లవాడు, పవర్‌లూమ్ కార్ఖానాలో నాలుగు మగ్గాలు ఒంటిచేత్తో నడిపే పనిమంతుడు. నిన్న పొద్దున ఈ సొరంగంలోకి పోయాడు, తిరిగి రాలేదు. మూతపడిన మిల్లు వెనక మట్టిమిట్ట కింద, తెల్లదొరల కాలంలో, బట్టల బేళ్లు గూడ్స్ యార్డుకు చేరవేయడానికి తవ్విన రైలు దారి ఇది. పేటలో అందరూ బోగ్దా అంటారు. బండి ఆగిపోయి ముప్పై ఏళ్లయింది, పట్టాలు కూడా ఎవరో ఊడదీసుకుపోయారు. సెలవు దొరికితే తోటివాళ్లు సినిమాకు పోతే గంగాధర్ ఇందులోకి పోయేవాడు. అడుగులు లెక్కపెట్టి నోటుబుక్కులో పటం గీసేవాడు. బుక్కు మీద ‘1991’ అని రాసుకున్నాడు. కొందరికి అట్లాంటి పిచ్చి ఉంటుంది, తాగుడుకంటే నయం.

ఇప్పుడా స్థలమంతా పవర్‌లూమ్‌ల సేఠ్ సత్యనారాయణది. కొన్నది కిందటేడు. ఇంకెవరూ లోపలికి పోకుండానంటూ బోగ్దా అవతలి ముఖం ఈ పొద్దున్నే ఇటుకలతో మూయించేశాడు. ఇవతలి ముఖం ముందర కూడా ఇటుకలు పేర్చి ఉన్నాయి, సిమెంటు కలిపి ఉంది. ముగ్గురు మేస్త్రీలు బీడీలు కాలుస్తూ మూడెప్పుడవుతుందా అని కూర్చున్నారు.

దత్తాత్రి చెప్పుల దగ్గర్నుంచి లేచి గంగాధర్ తల్లి ద్రౌపది పక్కన కూర్చున్నాడు.

“వదినె, ఎన్నింటికి పోయిండు?”

“తొమ్మిది గొట్టంగ. నిన్న కరెంటు సెలవు గదా, మగ్గాలు బంద్. పన్నెండుకు వస్త, వంకాయ ఒండు అన్నడు. ఒండిన. గిన్నె మీది మూత ఇంక తియ్యలే.”

“ఏమేం తీస్కపోయిండు?”

“బ్యాట్రీ, ఒక కోను నూలు, రెండు కడక్ భాకర్లు.”

“పన్నెండుకే వచ్చేటోనికి జొన్నరొట్టెలు ఎందుకు?”

“సిద్ధరాములు కాకకని. ముసలాయన వాచ్‌మన్ కొట్టంల ఒక్కడే ఉంటడు, నోట్ల పండ్లు లేకున్నా కడక్ భాకరంటే పానం అన్నడు.”

దత్తాత్రి ఆ మాటను మనసులో ఓ మూల పెట్టుకున్నాడు.

“ఏం పూఛ్‌తాఛ్ జేస్తవ్ బాబా?” ఆ ప్రశ్నలకు కదం నవ్వాడు. మరాఠీవాడే అయినా ఇరవై ఏళ్లు నేతపేటల్లో డ్యూటీ చేసి తెలుగు పట్టినవాడు. “పోరడు దారం ఇడుసుకుంట పోయిండు. ఆ దారం ఈ మేకుకెల్లి అవతలి ముఖం దాకా ఉంది. నిన్న సాయంత్రం ఐదున్నరకు నేనే స్వతః నడిచిన. అవతల కోను పడి ఉంది. అంటే ఏంది? ఆడికెల్లి బయటవడి, గూడ్స్ బండెక్కి ముంబైకి ఫరార్ అయిండు. కేస్ ఖతమ్.”

“చెప్పులు ఈడ ఇడిసి?”

“అరె, మరిచిపోయిండు.”

“మరిచిపోలే సాహెబ్,” ద్రౌపది అందుకుంది. “మగ్గం గుంటలకు చెప్పులతోని దిగుతమా? వాడు బోగ్దాకు గూడ గట్లనే జేస్తడు, చిన్నప్పటి సంది. కానీ వచ్చి ఏసుకుంటడు.”

“ఇన్నరా?” అన్నాడు దత్తాత్రి. “అవతల అంతా గాజుపెంకులు, కంకర. వట్టి కాళ్లతోని యార్డు దాటి ముంబైకి పోయిండంటరు.”

“ఇరవై ఆరేండ్ల పోరడు. ఏ పోరి కోసమో పోతే కాళ్లేంది, తలకాయ గూడ ఇడిసి పోతడు!”

“పోయిన నెల నేతసంఘం గోదాంల అరవై నూలు బేళ్లు పోయినప్పుడు గూడ మీరు గిట్లనే ఖతమ్ జేసిండ్రు. పాపం ఆ కాపలా జవాన్ను పట్టి లోపలేసిండ్రు. వాని తప్పు లేదని కోర్టుల తేలింది. బేళ్లు మాత్రం ఇంక దొరకలే.”

కదం మొహం కందగడ్డలా అయింది. ఆ కేసులో జవానును విడిపించింది దత్తాత్రే. ఆ రోజు పేపర్లో కదం పేరు పడిన తీరు అతను చచ్చేదాకా మరిచిపోడు. “నిన్ను లోపలికి పోనియ్యను, పో! ఏం జేస్కుంటవో జేస్కో!”

“పోనియ్యకుండ్రి. రేపు ఈ గోడ పలగ్గొట్టి శవాన్ని తియ్యవలసి వస్తే పంచనామ కాయితం మీద నా దస్కత్ ఉండదు, మీదుంటది. మళ్ల పేపర్ల మీ పేరే.”

ఆ దెబ్బ సరైన చోట తగిలింది. కదం మీసం కొరుక్కున్నాడు. అప్పటిదాకా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ సత్యనారాయణ మెల్లగా కల్పించుకున్నాడు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు, వెన్నపూసినట్టు మాట. “పోనియ్యుండ్రి సాహెబ్. తల్లి మనసు కుదుటవడుతది. దత్తాత్రి, సిద్ధరాములును దోలుకపో. బోగ్దా ఆయనకు ఎరికున్నట్టు ఎవ్వనికి ఎరిక లేదు. మూడు దాకా టైముంది. ఈ లోపల సాహెబ్‌కు భోజనం హోట్గి రోడ్ మీద మా ఇంట్లనే. రెండున్నరకు మళ్లొస్తం.”

కొట్టం గుమ్మంలో నిలబడ్డ సిద్ధరాములు ఉలిక్కిపడ్డాడు. అరవై దాటిన మనిషి, ఎండిన చెరుకుగడలా ఉంటాడు. “నేనా? మాలక్... మూడింటికే గదా?”

“మూడింటికే కాకా. నా మాట మీద నమ్మకం లేదా?”

ముసలాయన లాంతరు వెలిగించాడు.

ద్రౌపది మేకుకున్న దారం కొస విప్పి తన చూపుడువేలికి చుట్టుకుంది. “దీన్ని నేను పట్టుకుంట. నా కొడుకు కట్టిన దారం.”

“మంచిది వదినె. ఒక్కసారి గుంజితే నేను బాగున్న అన్నట్టు. రెండుసార్లు గుంజితే గంగాధర్ దొరికిండు అన్నట్టు. నువ్వు గూడ మళ్ల గుంజాలె.”

“ఇడువను,” అన్నది ఆమె.

పన్నెండూ నలభైకి లోపలికి దిగారు.

నలభై అడుగులకే ఎండ వెనకబడిపోయింది. అరవై దగ్గర బోగ్దా వంపు తిరిగింది, ఇక వెనక్కి చూస్తే వెలుతురు చుక్క కూడా లేదు. ముందు లాంతరుతో సిద్ధరాములు, వెనక బ్యాటరీతో దత్తాత్రి. గోడ పొడుగునా ఒకప్పుడు దీపాలు వేలాడదీసిన ఇనప కొక్కేలున్నాయి. గంగాధర్ వాటి మీదుగా దారం వేసుకుంటూ పోయాడు. ఎంత పద్ధతైన పిల్లగాడు! దత్తాత్రి ఆ దారాన్ని రెండువేళ్ల మధ్య పట్టుకుని, దాన్ని లాగకుండా, దాని వెంట నడిచాడు.

నూరో అడుగు దగ్గర ఆగి లాంతరు వైపు చూశాడు. మంట నిటారుగా నిలబడింది, అటూ ఇటూ కదలడం లేదు. అవతలి ముఖం మూయగానే బోగ్దాలో గాలి చచ్చిపోయింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. చిన్నప్పుడు దొంగాటలో నూలుపెట్టెలో దాక్కుని, మూత పడిపోతే గంటసేపు ఏడ్చిన సంగతి అతనికి గుర్తొచ్చింది. ఆ భయం ఇన్నేళ్లకు కూడా పోలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు కూడా, డిటెక్టివ్‌కు చీకటంటే భయమంటే కేసులెవరిస్తారు?

భయం పోవాలంటే మాట్లాడాలి. మాట్లాడాడు.

“నిన్న గంగాధర్‌ను చూసినవా కాకా?”

“దూరంకెల్లి చూసిన. తొమ్మిదింటికి.”

“మాట్లాడలేదా?”

“లే బిడ్డా. పదింటికి నేను అశోక్ చౌక్ దవాఖానకు పోయిన, కండ్ల మందుకు. ఒంటిగంటకు వచ్చిన. వాడు పోయిండో వచ్చిండో నాకేం ఎరిక?”

“నీకని భాకర్లు తెచ్చిండంట గదా?”

లాంతరు ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలింది. “నాకియ్యలే. మరిచిపోయిండేమో.”

మాట్లాడినంతసేపూ ముసలాయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి రుద్దుకుంటూనే ఉన్నాయి. నడుముకు ఓ చిన్న రేకుడబ్బా వేలాడుతోంది. పళ్లకు రుద్దుకునే మిశ్రీ, అంటే పొగాకు పొడి డబ్బా అని పేటలో అందరూ అనుకుంటారు. పళ్లే లేని మనిషికి మిశ్రీ ఎందుకని ఎవరూ అడగలేదు. దత్తాత్రికి కూడా ఆ ప్రశ్న ఇప్పుడే తట్టింది.

రెండువందల పన్నెండో అడుగు దగ్గర బోగ్దా రెండుగా చీలింది. ఎడమది తిన్నగా అవతలి ముఖానికి పోతుంది. కుడిది నలభై అడుగుల గొంది. దాని చివర మిల్లు బేళ్లు దాచిన పాత కొట్టు, ఇనప తలుపు. దారం ఎడమవైపే పోతోంది. అందుకే కదం కుడివైపు తొంగి కూడా చూడలేదు. దారం ఎటు చూపిస్తే అటు పోవడానికి ఫౌజ్‌దారే కానక్కర్లేదు, పశువైనా పోతుంది.

చీలిక దగ్గరి కొక్కెం కింద దత్తాత్రి వేళ్లకు ఏదో తగిలింది. దారం అక్కడ వేలెడు మేర కొంచెం లావుగా, గరుగ్గా ఉంది. వెలుతురు దగ్గరగా పెట్టాడు. ముడి లేదు. రెండు కొసలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఎక్కడ ఒకటి ముగిసిందో ఎక్కడ రెండోది మొదలైందో కనపడనంత నున్నగా మెలిపడి ఉన్నాయి. వేళ్లకు సన్నటి బూడిద అంటింది.

దత్తాత్రి ఆ బూడిదను మరోసారి నలిపి చూశాడు.

పవర్‌లూమ్ మీద పనిచేసేవాళ్లు దారం తెగితే చటుక్కున ముడి వేస్తారు. గంగాధర్ అయితే కళ్లు మూసుకుని వేస్తాడు. ఇది ముడి కాదు, అతుకు. పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే పాత పోగుకు బూడిద అద్ది వేళ్లతో నలిపి కలిపే పని. ముడి వేస్తే పోగులు దూరే అచ్చు సందుల్లో ఇరుక్కుంటుంది కాబట్టి చేతిమగ్గాల రోజుల్లో అట్లా అతికేవాళ్లు. ఇప్పుడా మగ్గాలే లేవు, అతికేవాళ్లూ లేరు. పేట మొత్తంలో ఒక్కడు మిగిలాడు. రోజుకు రెండువేల పోగులు అతికిన చెయ్యి అది. దత్తాత్రి వాళ్ల నాయన మగ్గానికి కూడా ఆ చెయ్యే అతికేది. ఆరేళ్ల దత్తాత్రి పక్కన కూర్చుని బూడిద డబ్బా అందించేవాడు.

ఎవడో ఇక్కడ దారం కోశాడు. కోసి, కోను ఎడమవైపుకు మార్చి, పిల్లవాడు అవతలకు పోయినట్టు నమ్మించాడు. మామూలుగా ముడి వేసి ఉంటే ఏ దేవుడూ పట్టుకోలేడు, గంగాధరే వేసుకున్నాడనుకునేవాళ్లు. కానీ నలభై ఏళ్లు అతికిన చేతికి తెగిన పోగు కనిపిస్తే ముడి వేయడం చేతకాదు. దొంగపనిలో కూడా ఆ చెయ్యి తన పని శుభ్రంగా చేసింది.

ఆ చేతి మనిషి ఇప్పుడు మూడడుగుల దూరంలో, లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందర ఇటుకల గోడ, వెనక రెండువందల పన్నెండు అడుగుల చీకటి.

“కాకా,” దత్తాత్రి చెయ్యి చాపాడు. “డబ్బా ఇటియ్యి.”

“మిశ్రీ అయిపోయింది బిడ్డా.”

“మిశ్రీ గాదు. నేను అందిచ్చిన డబ్బనే గదా అది.”

సిద్ధరాములు కదల్లేదు.  దత్తాత్రి ఒక చేత్తో బ్యాటరీని కర్రలా పట్టుకున్నాడు, ముసలాయన మీదికి వస్తే కొట్టగలడా లేదా అనేది అతనికే తెలియదు. రాలేదు. లాంతరు కింద పెట్టి, గోడకు ఆనుకుని, అట్లాగే జారి కూర్చున్నాడు.

“వాని భాకరి తిని వాని దారం కోసిన దత్తాత్రి,” అన్నాడు. “సంఘం బేళ్లు ఆ కొట్టుల్నే ఉండె. సేఠ్ పెట్టిచ్చిండు. నన్ను కాపలకు పెట్టిండు. అతికే పని పోయినంక నాకు బువ్వెవడు పెట్టిండు? ఆయనే పెట్టిండు. గంగాధర్ తలుపుకున్న కులుపు చూసి, కాకా ఇదేంది తియ్యి అన్నడు. వానికి అబద్ధం జెప్పబుద్ధి గాలే. తీసిన. కోను బయటవెట్టి లోపటికి వంగిండు. సేఠ్ ముందే జెప్పి ఉంచిండు, ఎవడన్న వస్తే మూసెయ్యి, రెండు దినాలల్ల బేళ్లు తీస్తం, వాన్ని ఏమనం అని. మూసిన. నిండ బేళ్లుండంగ లోపటి ఒర్లుడు బయటికి ఇనరాదు.”

“ఇప్పుడేడున్నడు?”

“లేడు, లేడు! నిన్న రాత్రి బేళ్లతోని పాటు అవతలికెల్లి తీస్కపోయిండ్రు. లారీల హైదరాబాద్ దోలిచ్చినం, నెల దినాలకు వస్తడు అన్నడు సేఠ్. తన పిల్లల మీద ఒట్టేసిండు.”

దత్తాత్రి చెయ్యెత్తి ఆపాడు.

టక్. టక్. టక్.

కుడివైపు గొందిలోంచి. సన్నగా, ఇనుము మీద ఇనుము.

ఇద్దరూ పరుగెత్తారు. ముసలాయనే ముందు చేరాడు. తలుపుకు పిడికెడంత తాళం వేలాడుతోంది. దత్తాత్రి తలుపు కింది సందు దగ్గర బోర్లా పడుకుని పిలిచాడు, “గంగాధర్!”

లోపలి నుంచి బొంగురు గొంతు వచ్చింది. “నీళ్లు...”

“తెస్త తమ్మీ. నేను దత్తాత్రిని. మీ అమ్మ బయట్నే ఉంది, దారం పట్టుకొని కూసుంది.”

“బేళ్లు... రాత్రి తీస్కపోయిండ్రు. నన్ను కొట్టి... మళ్ల కులుపేసిండ్రు.”

సిద్ధరాములు రెండు చేతులతో తలుపును చరిచాడు. “ఓరి నా కొడుకా! నేను మనసుల గూడ గట్ల అనుకోలేరా! ఈ చెవులు ఎటు వోయినయిర నావి, ఇంతసేపు!” కులుపు పట్టుకుని గుంజాడు. గోళ్లు విరిగాయి గానీ కులుపు కదల్లేదు. తాళంచెవి నిన్న మధ్యాహ్నమే సేఠ్‌కు ఇచ్చేశాడు.

దీన్ని పగలగొట్టాలంటే గడ్డపార కావాలి, మనుషులు కావాలి. ఇవతలి ముఖం దగ్గర మేస్త్రీల దగ్గర ఉంది. దత్తాత్రి గడియారం చూశాడు. ఒకటీ పది. మూడుకు ఇంకా రెండు గంటలకు దగ్గరగా ఉంది, బ్రతికిపోయాం అనుకున్నాడు. అయినా ముందు ఆ తల్లికి కబురు చెప్పాలనిపించింది. నిన్నటి నుంచి గిన్నె మూత తియ్యని మనిషి.

చీలిక దగ్గరికి వచ్చి అతుకును రెండు పక్కలా పట్టుకుని మెల్లగా సాగదీశాడు. అది చప్పుడు లేకుండా విడిపోయింది. ఇవతలి కొసను వేలికి చుట్టుకుని గుంజాడు. ఒకటి. రెండు.

జవాబు రాలేదు.

మళ్లీ గుంజాడు. దారం తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. ఇంకో బారెడు. ఇంకో బారెడు. కొక్కేల మీదుగా జారుతూ, ఏ అడ్డూ లేకుండా వస్తూనే ఉంది. ఇడువను అన్న మనిషి వేలికి చుట్టుకున్న దారం ఇది. 

అప్పుడు వినిపించింది, దూరంగా, వంపు అవతల నుంచి. తాపీ ఇటుక మీద కొడుతున్న చప్పుడు. ఆగకుండా, హడావిడిగా, ముగ్గురి చేతులు ఒకేసారి.

“మూడింటికి అన్నడు గదా!” వెనక నుంచి సిద్ధరాములు అరిచాడు.

“కదం సాహెబ్‌కు అన్నడు కాకా. ఆయన హోట్గి రోడ్ మీద బువ్వ తింటుండు. రెండున్నరకు వచ్చేవరకు గోడ లేచి ఉంటది. మనం ఎప్పుడో బయటికొచ్చి పోయినమని జెప్తరు.” దత్తాత్రి ముసలాయన వైపు తిరిగాడు. “నన్నొక్కన్నే గాదు. నిన్ను గూడ లోపల పెట్టి మూస్తున్నడు. నిన్ను నాతోని పంపినప్పుడే నాకు సమజ్ గావాల్సి ఉండె.”

సిద్ధరాములు నేల మీద కూర్చున్నాడు. ద్రౌపదిని ఏం చేశారో అని ఇద్దరికీ ఒకేసారి తోచింది. దత్తాత్రి దారాన్ని ఇంకా వేగంగా లాగాడు. నూలు కుప్పలా కాళ్ల దగ్గర పడుతూ, చివరికి కొస వచ్చేసింది. ముసలాయన దాన్ని తీసుకుని చీకట్లోనే బొటనవేలితో తడిమాడు.

“తెగింది గాదు,” అన్నాడు. “కత్తెరతోని కోసిండ్రు.”

గొంది చివర నుంచి మళ్లీ చప్పుడు. టక్. టక్. ఈసారి ఇంకా నెమ్మదిగా.

“రా కాకా,” దత్తాత్రి అతని భుజం పట్టుకుని లేపబోయాడు. “గోడ ఇంక పచ్చిగనే ఉంటది. ఉరుకుదాం.”

ముసలాయన లేవలేదు. అలవాటు కొద్దీ అతని చెయ్యి నడుము దగ్గరి డబ్బా తీసింది, మూత తెరిచింది, చూపుడువేలు బూడిదలో ముంచింది. తరువాత ఆ వేలు గాల్లోనే నిలిచిపోయింది.

“అతుకుదమంటే,” అన్నాడు ఏడుస్తూ, “రెండో కొస ఆ తల్లి వేలికే ఉండిపాయె, మన తావ లేదు బిడ్డా.”